నాకు తట్టలేదు

2012 ఆగస్టు 18, శనివారం

జనవరిలో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ ఊగే టీవీ స్టాండు కాలు కింద ఉంది. ఇవాళ బయటికి లాగాను. స్టాండు మళ్లీ ఊగుతోంది, ఊగనీ. ఎవరితోనైనా చెప్పుకుంటే పరువు పోతుంది, చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోతుంది. అందుకని కాగితానికి చెబుతున్నాను.

ముంబై నుంచి, గుద్దులూ కుస్తీ పట్లూ రెండూ ఉండే ఫైటింగ్ లీగ్ వాళ్లు ఇద్దరు వచ్చారు. రెజిమెంటల్ బజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉన్న మా జిమ్‌కు ఏసీ కారులో మనుషులు రావడం ఇదే మొదటిసారి. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, అరవై ఆరు కిలోల తరగతిలో ఒక్కడు కావాలన్నారు. ఆ బరువులో మా దగ్గర ఉన్నది ఇద్దరం. నేను, తిరుమల్. మా ఇద్దరి చేతా మూడు రౌండ్లు ఆడించి చూశారు.

తిరుమల్‌ను తీసుకున్నారు.

నాకు ఇరవై తొమ్మిది, వాడికి ఇరవై రెండు. మా జకర్యా సార్ ఆర్మీలో బాక్సింగ్ నేర్పి, రిటైరై, యాప్రాల్‌లో ఇల్లు కట్టుకుని ఈ గది అద్దెకు తీసుకున్నప్పుడు గోడలకు సున్నం వేసిన చేతుల్లో నావి ఉన్నాయి. ఎనిమిదేళ్లయింది. తిరుమల్ వచ్చింది మూడేళ్ల కింద. అదీ నేర్చుకోవడానికి కాదు. వాళ్ల నాన్న బ్రహ్మచారి గారు వడ్రంగి. గదికి కొత్త తలుపు బిగించి, మ్యాట్ల కింద చెక్క పరచడానికి తండ్రీకొడుకులు వచ్చారు. కొడుకు పని వదిలేసి, చెక్క గీసే రందా చేతిలో పట్టుకుని, నోరు తెరుచుకుని మమ్మల్నే చూస్తుంటే "రా తమ్ముడూ, దిగు" అన్నది నేను. ఏకులా వచ్చి మేకులా దిగాడు. వడ్రంగి కొడుకు కదా, మేకు దించడం వాడికి ఒకరు నేర్పాలా?

లీగ్ వాళ్లలో కళ్లద్దాలాయన నాతో ఇంగ్లీషులో మర్యాదగానే మాట్లాడాడు. ఆటలో ఇద్దరూ సమానమేనట. కానీ వడ్రంగి కొడుకు అంటే టీవీలో చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుందట. సాఫ్ట్‌వేర్ టెస్టర్ అంటే ఏం కథ ఉంటుంది, హైదరాబాద్‌లో వీధికి వందమంది ఉన్నారు అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను.

బయల్దేరుతుంటే సార్ నా భుజం తట్టాడు. గెలిచినవాడి భుజం తడితే మెచ్చుకోలు. ఓడినవాడి భుజం తడితే దాన్ని ఏమంటారో ఇంటికి వచ్చేదాకా ఆలోచించినా నాకు తట్టలేదు.

ఆగస్టు 19, ఆదివారం

నాకేం కుళ్లు లేదు. ముందే రాసి పెట్టుకుంటున్నాను.

ఆగస్టు 28, మంగళవారం

హైటెక్ సిటీ వెళ్లే ఎంఎంటీఎస్‌లో నిలబడే చోటు కూడా లేదు. రోజుకో కొత్త కంపెనీ, కంపెనీకో వెయ్యి మంది కొత్తవాళ్లు. అందరి మెడల్లో తాడు, తాడుకు కార్డు. నా కార్డు మీద నూకయ్య అని ఉంటుంది. మా నాన్నమ్మ అనకాపల్లి నూకాలమ్మకు మొక్కుకుంటే పుట్టాను కాబట్టి ఆ పేరు. ఆఫీసులో ఎవరికీ నోరు తిరగదు, "న్యూక్" అంటారు.

అసలు సంగతి ఎవరికీ తెలియదు. న్యూక్ అంటే అణుబాంబు, ఆ పేరు నాకు ఇష్టం. నాలుగేళ్ల కిందే రింగ్‌లో నా పేరు అదే అని ఖాయం చేసుకున్నాను. దర్జీ చేత నల్ల షార్ట్స్ మీద ఎర్ర దారంతో కుట్టించాను కూడా. ఇక్కడి చిన్నాచితకా పోటీలకు అది తొడగలేదు. పెద్ద లీగ్ కోసం బీరువాలో దాచాను. ఇవాళ తెలిసింది, తిరుమల్‌కు లీగ్ వాళ్లే పేరు పెట్టారట. "కార్పెంటర్". ఏమీ ఆలోచించకుండా, ఏమీ దాచుకోకుండా, పేరు దానంతటదే వాడి దగ్గరికి నడిచి వచ్చింది.

ఆఫీసులో నేను ప్రోగ్రాంలో పట్టి నమోదు చేసిన తప్పును డెవలపర్ మళ్లీ మూసేశాడు. "నా దగ్గర రావడం లేదు" అని రాశాడు. నా ఉద్యోగం తప్పులు పట్టడం. వాళ్ల ఉద్యోగం తప్పు లేదని చెప్పడం. నా ముందు స్క్రీన్ మీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నదాన్ని కూడా అంత ధైర్యంగా లేదనడం ఎలా వస్తుందో వాళ్లకు.

సెప్టెంబరు 9, ఆదివారం

బరువు తగ్గే తిండి గురించి అడగడానికి తిరుమల్ కాప్రాలో మా ఇంటికి వచ్చాడు. నేనే రమ్మన్నాను. సార్ రమ్మనమన్నాడు కాబట్టి రమ్మన్నాను.

సుధ చోడంబలి, అదే రాగి అంబలి, కాచింది. వాడు గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"వదినా, మా దిక్కు గిదాన్నే తైదంబలి అంటరు. గని మా అమ్మకు గిట్ల రాదు. మస్తుంది."

"ఇంకో గ్లాసు ఎయ్యమంటావేటి?"

"బరువు పెరుగుత వదినా. అన్న కొడ్తడు."

ఇద్దరూ నవ్వారు. సుధ నా భార్యే కాదు, మేనమామ కూతురు కూడా. ఇంటి పక్క స్కూల్లో టీచరు కాబట్టి మాట్లాడటం దాని పనే. అయినా నాతో ఆ గొంతుతో మాట్లాడి ఎన్నాళ్లయిందో లెక్కేసుకుంటూ కూర్చున్నాను. వాడు వెళ్లాక, "బావా, మంచి కుర్రాడు. నిన్ను చూసి నేర్చుకున్నానని పదిమాట్లు చెప్పినాడు" అంది.

"చెప్పక ఏం చేస్తాడు? నేర్పింది నేనే కదా."

"నానూ అదే కదేటి అన్నాను!"

నా పోటీలప్పుడు కూడా సుధ అంబలి కాచింది. ఐదు పోటీలు, ఐదుసార్లూ కాచింది. కానీ ఇంత పల్చగా, ఉల్లిపాయ ముక్కలు ఇంత సన్నగా తరిగి ఎప్పుడూ కాయలేదు.

సెప్టెంబరు 23, ఆదివారం

ప్రాక్టీసు. వాడు నా చేత మూడుసార్లు తట్టించాడు. నేను వాడి చేత ఒకసారి. నా వేలు వాడి ఒంటికి తగిలీ తగలకముందే వదిలేస్తాడు. వదిలేసి "సారీ అన్నా" అంటాడు. అంత మర్యాద ఎవరి కోసం? సార్ చూస్తున్నాడని.

మా గోడ మీద అడుగెత్తు అక్షరాలతో "తడితే వదలాలి" అని రాసి ఉంటుంది. పట్టులో చిక్కి నొప్పి పుట్టినవాడు అవతలివాడి ఒంటి మీద చేత్తో తడతాడు. అంటే ఒప్పుకున్నానని అర్థం. అప్పుడు వదిలేయాలి. కొత్తగా ఎవరొచ్చినా సార్ ముందు గోడ చూపించి చెప్పేది ఇదే. "ఎవరన్న తలుపు తడ్తే తీస్తమా లేదా? గంతే. తట్టినంక సుత పట్టుకున్నోడు మళ్ల నా మ్యాట్ మీద కాలు పెట్టొద్దు." ఈ ఎనిమిదేళ్లలో ఇద్దర్ని అలాగే పంపేశాడు. ఒకడు ఏడ్చి కాళ్ల మీద పడినా వినలేదు.

ఆ గోడ మీద అక్షరాలకు రంగు వేసింది కూడా నేనే.

అక్టోబరు 3, బుధవారం

పేపర్లో వాడి ఫొటో వచ్చింది, జిల్లా పేజీలో. "రందా పట్టిన చేతులే రింగ్‌లో పిడికిళ్లు" అని పైన పెద్ద అక్షరాలు. బ్రహ్మచారి గారు కత్తిరించి, జేబులో మడతపెట్టుకుని, జిమ్‌కు వచ్చి మరీ చూపించాడు.

"గీ ఎనక భుజం నీదే గద బిడ్డా?"

నాదే. ఫొటోలో నా ఎడమ భుజం పడింది. తల పడలేదు.

"అంత నీ చేతి సలవ. నువ్వు దిగమంటెనే గద వాడు దిగిండు. నా బస్తీల అందరికి గదే చెప్తున్న" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. మంచి మనిషి. ఆయన మంచితనం కూడా నాకు గుచ్చుకుంది, ఎందుకంటే ఆయన చెప్పిందంతా నిజం, అయినా అందులో నాకు మిగిలింది ఆ భుజం ఒక్కటే.

అక్టోబరు 7, ఆదివారం

సార్ పక్కకు పిలిచి చెప్పాడు. నవంబరు 3న ముంబైలో తిరుమల్ పోటీ. ఏ కారణం వల్లనైనా ఎవరైనా ఆడలేకపోతే అదే బరువులో ఇంకొకడు సిద్ధంగా ఉండాలని లీగ్ వాళ్లు అడిగారట. సార్ నా పేరు రాసి పంపాడు.

"పరేషాన్ గాకు, గిది కాయితాల కోసం. వానికేం గాదు" అన్నాడు.

ఏం కాకూడదనే నేనూ కోరుకుంటున్నాను. నిజంగానే.

షార్ట్స్ బయటికి తీసి చూసుకున్నాను. నడుము దగ్గర కాస్త బిగుతు. వారం రోజులు అన్నం మానేస్తే సరిపోతుంది.

అక్టోబరు 10, బుధవారం

పొద్దున ప్రాక్టీసులో తిరుమల్ కుడి మోచెయ్యి పోయింది. నా పట్టులో. వాడు తట్టలేదు.

అక్టోబరు 11, గురువారం

నిన్న తట్టలేదని రాశాను. ఇంకా సరిగ్గా రాయాలంటే, తట్టాడో లేదో నాకు తెలియలేదు. రెండింటికీ తేడా ఉంది. తప్పులు పట్టే ఉద్యోగం చేసేవాణ్ణి, మాట సరిగ్గా రాయాలి.

జరిగింది ఇది. ఆరున్నరకు జిమ్‌లో మేం ఇద్దరమే ఉన్నాం. సార్ కింద ఇరానీ హోటల్లో చాయ్‌కి దిగాడు. నేను వాడి కుడిచేతిని నా తొడల మధ్య బిగించి, వెల్లకిలా పడుకుని, మోచేతిని వెనక్కు వంచే పట్టు వేశాను. ఆర్మ్‌బార్. ఆ పట్టు వాడికి నేర్పిందే నేను. వాడు మామూలుగా ఒళ్లు తిప్పి తప్పించుకుంటాడు, తప్పించుకుంటాడనే అనుకున్నాను. సరిగ్గా ఆ సమయానికి ఎవరో తలుపు తట్టారు. టక్ మని చప్పుడైంది. నా ధ్యాస అటు పోయింది. ఆ వెంటనే మోచేతిలో పుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. అంతే.

సార్ పైకి పరుగెత్తుకొచ్చి వాణ్ణి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"తట్టిండా వాడు?"

"నాకు తెలియలేదు సార్. ఎవరో తలుపు తట్టారు, అటు చూశాను."

"తలుపు బార్లా తెరిసే ఉంది గదరా. తట్టెటోడెవడు?"

నిజమే, ప్రాక్టీసప్పుడు తలుపు తెరిచే ఉంటుంది. కింద ఇత్తడి దుకాణం వాళ్లు ఏదో దించి ఉంటారు. పొద్దున ఆరున్నరకు దుకాణం తెరవరు గానీ, ఏదో చప్పుడైతే అయింది.

ఆపరేషన్ చేయాలట. రేపు వాణ్ణే అడుగుతానన్నాడు సార్. వాడు తట్టానంటే నా ఎనిమిదేళ్లూ మెట్లు దిగి వెళ్లిపోతాయి.

అక్టోబరు 12, శుక్రవారం

హాస్పిటల్‌కు వెళ్లాం. తిరుమల్ చెయ్యి భుజం దాకా కట్టులో ఉంది. బ్రహ్మచారి గారు మంచం పక్కన కూర్చుని ఆ చేతినే చూస్తున్నాడు, మనిషిని కాదు. సార్ మంచం దగ్గరికి వెళ్లాడు.

"తట్టినవా లేదా? గదొక్కటి చెప్పు."

తిరుమల్ నా వంక చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నేను సెలైన్ సీసా వంక చూస్తున్నాను.

"లే సార్. నాదే బలుపు. ఎల్లొస్త అనుకున్న, తట్టలే."

బయటికి వచ్చాక కాళ్లు తేలిపోతున్నట్టు అనిపించింది. మెట్టుగూడ దాకా అలాగే నడిచాను. అప్పుడు కోపం మొదలైంది. లీగ్ వాడిది, పేపరు వాడిది, అంబలి వాడిది. ఇప్పుడు ఈ పెద్దరికం కూడా వాడికే కావాలా? మంచం మీద పడుకుని నన్ను క్షమించేస్తాడా? నేను అడిగానా?

లేదు, వాడు నిజంగానే తట్టి ఉండడు. తట్టినవాడు తట్టలేదని ఎందుకంటాడు?

అక్టోబరు 15, సోమవారం

ముంబై నుంచి నా పేరు మీద కాయితం వచ్చింది. సంతకం పెట్టాను. రింగ్ పేరు అన్నచోట "న్యూక్" అని రాశాను. ఆఫీసులో మా మేనేజరు అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. నెలలో ఒక్కసారైనా నా సీటు దగ్గరికి రానివాళ్లంతా వచ్చి కండలు నొక్కి చూశారు.

సుధకు ఈ కబురు చెబితే, పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నది తల ఎత్తి, "బావా, ఆడు నిజంగా తట్టనేదా?" అంది.

"ఎన్నిసార్లు అడుగుతావు?"

"ఇదే మొదటిసారి అడగడం."

అక్టోబరు 17, బుధవారం

వాడు తట్టలేదు. వాడే చెప్పాడు. నా దగ్గర రావడం లేదు అని మూసేయొచ్చు.

అక్టోబరు 18, గురువారం

తట్టలేదు.

అక్టోబరు 24, బుధవారం, దసరా

వెళ్లకూడదనే అనుకున్నాను. సుధ పట్టుబట్టి తీసుకెళ్లింది.

బ్రహ్మచారి గారి దుకాణంలో పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, వరసగా పేర్చారు. రంపం, ఉలి, సుత్తి, రందా. ఆ వరస చివర తిరుమల్ గ్లవ్స్. వాటికీ బొట్లు పెట్టారు.

"చెయ్యి ఇగ నిండ సాగదంటుండు డాక్టర్" అన్నాడు బ్రహ్మచారి గారు, హారతి పళ్లెం దించుతూ. గొంతు మామూలుగానే ఉంది. "రందా కొట్టాల్నంటె చెయ్యి ముందటికి నిండ సాగాలె. సాగకుంటె ఏం పని? చూద్దాం, దేవుడున్నడు." నన్ను ఒక్కమాట అనలేదు. కొడుకు బలుపే అనుకుంటున్నాడు. "జెర గట్టిగనే తిట్టిన బిడ్డా, తట్టనీకి నీకేమొచ్చిందిరా తక్లీఫ్ అని."

తిరుమల్ లోపలి నుంచి జమ్మి ఆకు తెచ్చాడు. ఇక్కడ దసరా నాడు చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో జమ్మి పెట్టి, బంగారం తీసుకోమని దండం పెడతారు. పగలున్నవాళ్లు కూడా ఈ ఒక్కరోజు జమ్మి ఇచ్చుకుని కౌగిలించుకుంటారట. మా వైపు ఇంత పట్టింపు లేదు. కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది కాబట్టి ఎడమచేత్తో నా చేతిలో పెట్టాడు.

"కుడిచేత్తోనియ్యాలె. ఏమనుకోకన్నా."

నా అరచేతిలో నాలుగు ఆకులు. ఏదో అనాలి. "త్వరగా తగ్గిపోతుందిలే" అన్నాను.

"ముంబైకి నేను సుత వస్త. రింగ్ కాడ నీ మూలకు నిలబడ్త. చెయ్యి లేకపోతేంది, నోరుంది గద."

వద్దనడానికి ఒక్క కారణం చెప్పమంటే నా దగ్గర లేదు. సార్‌కు కూడా అది బాగా నచ్చింది.  జమ్మి ఆకులు చొక్కా జేబులోనే ఉండిపోయాయి, ఇప్పుడు చూసుకుంటే నలిగిపోయాయి.

నవంబరు 4, ఆదివారం, రైల్లో

ఓడిపోయాను.

పైబెర్తు మీద కూర్చుని రాస్తున్నాను. కింద సార్, తిరుమల్ పులిహోర తింటున్నారు. అన్నీ వరసగా రాస్తాను, రాయకపోతే సికింద్రాబాద్ వచ్చేలోగా ఇంకో రకంగా మార్చేసుకుంటాను. ఆ పని నాకు బాగా వచ్చని తెలిసింది.

"న్యూక్" అని మైకులో పిలిచారు. వేలమంది అరిచారు. నాలుగేళ్లు దాచిన షార్ట్స్ తొడుక్కుని ఆ దీపాల కింద నడుస్తుంటే, నిజం చెబుతున్నాను, మోచెయ్యి గుర్తు లేదు, ఎవడూ గుర్తు లేడు. అవతలివాడు మణిపూర్ కుర్రాడు. మొదటి రౌండు నాదే. రెండో రౌండులో కింద పడ్డాను. తేరుకునేలోగా నా కుడిచెయ్యి వాడి తొడల మధ్య ఉంది. అదే పట్టు.

తట్టకూడదనుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు, ఇంకోసారి పిలవరు. విరిగితే విరగనీ అనుకుని పళ్లు బిగించాను. నా మూల నుంచి ఒక గొంతు వినపడింది. సార్‌ది కాదు.

"తట్టన్నా! తట్టు! చెయ్యి పోతది, తట్టు!"

అలా అరుస్తున్నవాడి చెయ్యి ఇంకా మెడకు వేలాడుతోంది.

ఒక్కసారి తట్టాను. రెండోసారికి చెయ్యి ఎత్తేలోగా పట్టు వదిలేశాడు మణిపూర్ కుర్రాడు. రిఫరీ ఇంకా మా మీదికి వంగలేదు. ముక్కూ మొహం తెలియనివాడు. వాడికీ అది జీవితమే. ఒక్క తట్టుకు వదిలేశాడు. లేచి నా భుజం తట్టి వెళ్లాడు.

ఇప్పుడు రాస్తాను.

మూడుసార్లు తట్టాడు తిరుమల్. మొదటిది నా తొడ మీద, మెల్లగా. వదిలేస్తానన్న నమ్మకంతో తట్టిన తట్టు అది. రెండోది అక్కడే, గట్టిగా. మూడోది అరచెయ్యి మొత్తంతో. నేను లెక్కపెట్టాను. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకున్నాను. ఇంకొక్క చిటికెడు వంచితే నవంబరు మూడు నాదవుతుందనుకున్నాను. తెలియకపోవడమూ కాదు, ధ్యాస పోవడమూ కాదు. కుళ్లు. పేపర్లో నా తల పడలేదని, వాడి తల పడిందని కుళ్లు. వాడికి అన్నీ అడగకుండానే వస్తున్నాయని కుళ్లు. మూడు తర్వాతే బిగించాను.

కింద నుంచి తిరుమల్ "అన్నా, పులిహోర?" అని ఎడమచేత్తో పొట్లం ఎత్తి చూపిస్తున్నాడు.

నవంబరు 6, మంగళవారం

సెలవు పెట్టి జిమ్‌కు వెళ్లాను. సార్ ఒక్కడే ఉన్నాడు, మ్యాట్లు తుడుస్తున్నాడు. చెప్పులు విప్పలేదు, గడప ఇవతలే నిలబడ్డాను.

"సార్, తిరుమల్ తట్టాడు. మూడుసార్లు. నాకు తెలుసు."

ఆయన గుడ్డ పిండి, ఆరేసి, చేతులు తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. చాలాసేపు గోడ వంక, నేను రంగు వేసిన అక్షరాల వంక చూశాడు.

"వాడెందుకు అబద్ధమాడిండ్రా?"

"తెలియదు సార్."

"పో. తలుపు దగ్గరికేసి పో."

ఎనిమిదేళ్లలో ఆ తలుపు నేనెప్పుడూ బయటి నుంచి వేయలేదు. బ్రహ్మచారి గారి పనితనం, కిర్రుమనలేదు. రెండు అంతస్తులూ దిగాను. నా పేరు మీద మా ఊళ్లో ఒక వేళాకోళం ఉండేది, నూకయ్యకు నూకలు చెల్లాయిరా అని. చెల్లాయి.

ఇంటికి వచ్చి సుధకు చెప్పాను. మొత్తం చెప్పాను. కొంగు వేలికి చుట్టుకుంటూ వింది. తర్వాత, "ఆడికి చెప్పావా?" అంది.

"ఏం చెప్పాలి? వాడికి తెలుసు కదా."

"నీకు తెలుసునని ఆడికి తెలీదు కదా బావా."

నవంబరు 7, బుధవారం

దుకాణంలో తిరుమల్ ఒక్కడే ఉన్నాడు. బల్లకు చెక్క పలక బిగించి, ఎడమచేత్తో రందా కొట్టడం నేర్చుకుంటున్నాడు. రందా పక్కకు జారిపోతోంది, పలక మీద అన్నీ వంకర గీతలే. నన్ను చూసి స్టూలు కాలితో ఇటు తోశాడు. కూర్చోలేదు.

"తిరుమల్, నువ్వు మూడుసార్లు తట్టావు. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టి కూడా వదల్లేదు. సార్‌కు చెప్పేశాను."

రందా ఆపాడు. కళ్లు ఎర్రబడ్డాయి. కోపమో ఏడుపో తెలియదు, రెండూనేమో.

"మరి నువ్వెందుకు తట్టలేదన్నావు?" అన్నాను.

"దిగమన్నది నువ్వే గదన్నా. నిన్ను బయటికెట్ల నూకాలె నేను?" అన్నాడు. తర్వాత పలక మీది పొట్టు ఊదాడు. "గని మూడు గాదు. నాలుగు."

"మూడే. నాకు బాగా గుర్తు."

"నాలుగన్నా. చెయ్యి ఆడకుంటయినంక నాలుగోది కాలితోని తట్టిన. మడిమెతోని నేల మీద కొట్టిన. చెక్క మోగింది సుత, నాయిన పరిచిన చెక్క." రందా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మంచిగ చెప్పుకోనొచ్చినవు. లెక్క తక్కువ చెయ్యకు."

 పలక రెండో కొస జారకుండా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.  బ్రహ్మచారి గారు భోజనం నుంచి వస్తున్న అలికిడి విని తిరుమల్ "ఇగ పో అన్నా, నాయినకు నేను చెప్త" అన్నాడు. నేను పోలేదు. నేనే చెప్పాను. ఆయన వింటూ వింటూ మెట్టు మీద కూలబడిపోయాడు. ఆ ముఖం గురించి రాయను.

ఇంటికి వచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. అక్టోబరు 11 పేజీ. "సరిగ్గా ఆ సమయానికి ఎవరో తలుపు తట్టారు. టక్ మని చప్పుడైంది." నా చేతిరాతే. విన్నాను, రాసుకున్నాను కూడా.

"ఎవరో తలుపు తట్టారు" అన్నది కొట్టేశాను. దాని మీద "తిరుమల్ తట్టాడు" అని రాశాను.